తాళి షాట్ లేని పెళ్ళి క్యాసెట్: కర్నూలులో తీసిన ఒక షార్ట్ ఫిల్మ్ కేస్ స్టడీ

ఈ సినిమా నిడివి 14 నిమిషాలు. నటులు లేరు, మాటలు దాదాపు లేవు. ప్రధానమైన ముడిసరుకు ఒక్కటే: 1990ల నడుమ కర్నూలు పాత టౌన్‌లో ఒక పెళ్ళికి తీసిన వీహెచ్‌ఎస్ క్యాసెట్. పెళ్ళివాళ్ళకు ఇచ్చిన కాపీ వేరు. ఇది కెమెరాలోంచి నేరుగా దిగిన రా క్యాసెట్. 2009 వరదలో సగం మునిగి, బురద పట్టి, ఆరిపోయి, బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉంది. దాన్ని తీసిన వీడియోగ్రాఫర్ ఆ పెళ్ళికొడుకును ప్రేమించిన మనిషి. ఇప్పుడాయనకు అరవై దగ్గర పడుతున్నాయి. ఎడిటింగ్, డైరెక్షన్ నావి. ఆయన్ను ఇక్కడ అన్న అనే రాస్తాను. నేను పిలిచేది అట్లాగే, పైగా పేరు బయటికి రాకూడదన్నది మా ఒప్పందంలో మొదటి షరతు. ఎవరినైనా గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేశాను.

క్వియర్ ప్రేమ (స్వలింగ ప్రేమ లాంటివి), శరీరం, జ్ఞాపకం మీద ప్రయోగాలు చేయాలనుకునే పిల్లలు ఈమధ్య నాకు స్క్రిప్టులు పంపుతున్నారు. చాలావాటిలో అద్దం ముందు ఒక మనిషి, నీళ్ళలో మునిగిన ముఖం, ఎర్ర లైటు కనిపిస్తాయి. తీయొద్దని అనను. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. ఆ కథలో ఉన్న రెండో మనిషిని ఎవరూ అడిగినట్టు ఉండదు. ఈ కేసులో మేం తీసుకున్న ప్రతి నిర్ణయం, ఏ ఫ్రేము ఉంచాలో, ఏ శబ్దం తీసేయాలో, ఆ రెండో మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిందే. ఆ పెళ్ళికొడుకుకు ఈ సినిమా సంగతి తెలియదు.

రా క్యాసెట్ ఎట్లా మిగిలింది

అప్పటి పెళ్ళి వీడియో పని తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. పానసోనిక్ ఎం సిరీస్ కెమెరాలు భుజానికెత్తుకునేవి. పెద్ద వీహెచ్‌ఎస్ క్యాసెట్ నేరుగా కెమెరాలోనే పట్టేది. పెళ్ళి అయ్యాక ఆ క్యాసెట్‌ను మిక్సింగుకు ఇచ్చేవారు. హృదయం ఆకారంలో వధూవరుల ముఖాలు, విచ్చుకునే గులాబీలు, పేజీ తిప్పినట్టు మారే సీన్లు, వెనక సినిమా పాటలు, ఇవన్నీ అక్కడ ఎక్కేవి. మిక్సింగ్ కాపీ పెళ్ళివాళ్ళకు పోయేది. రా క్యాసెట్ వీడియోగ్రాఫర్ దగ్గరే ఉండి, తర్వాతి ముహూర్తానికి దాని మీదే ఇంకో పెళ్ళి ఎక్కేది. కొత్త క్యాసెట్ ఖరీదు మిగిలిందంటే అదే లాభం.

ఈ ఒక్క క్యాసెట్ మీద అన్న మళ్ళీ ఏమీ ఎక్కించలేదు. వెనకవైపు ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరిచేశాడు. అది విరిస్తే ఏ మెషీనూ దాని మీద రికార్డు చేయదు. ఆ ట్యాబ్ చూసే నేను మొదట ఈ క్యాసెట్ గురించి అడిగాను. అన్ని పెళ్ళిళ్ళు చెరిపేసిన మనిషి దీన్నెందుకు దాచాడు అని.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చాయి. నీళ్ళు తీశాక వీధుల్లో పరుపులు, పుస్తకాలు, బియ్యం బస్తాలు, పెళ్ళి ఆల్బములు కుప్పలు పోసి ఉన్న సంగతి కర్నూలువాళ్ళు ఎవరినడిగినా చెబుతారు. ఆల్బముల్లో ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీయబోతే ముఖాలు ఊడొచ్చేవి. అన్న స్టూడియో కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో ఉండేది. అక్కడున్న క్యాసెట్లన్నీ బురదతో పాటు ట్రాక్టరు ఎక్కాయి. దీన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. పనిచేస్తుందన్న ఆశ ఆయనకు లేదు. పారేయడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఆ వరదకు సరిగ్గా మూడు నెలల ముందు, 2009 జులై 2న, ఇద్దరు వయోజనుల ఇష్టపూర్వక సంబంధానికి, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ వర్తించదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు నేరం కాదని తేల్చింది. ఈ మూడింటిలో అన్నకు తెలిసింది చివరిదొక్కటే, అదీ టీవీలో స్క్రోలింగ్ చూసి. కేసులకు భయపడి బతికిన మనిషి కాదాయన. ఇంట్లోవాళ్ళకు భయపడ్డాడు, వీధికి భయపడ్డాడు. వాటి మీద ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు. అయినా 2018 తర్వాతే ఆయన నాతో నోరు విప్పాడన్నది నిజం.

టేపును చదవడం

తడిసిన టేపునో, బూజు పట్టిన టేపునో ఆత్రం కొద్దీ క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌లో పెడితే చేతులారా చంపుకున్నట్టే. ఐదు స్క్రూలు విప్పి, రీళ్ళు బయటికి తీసి, శుభ్రమైన వేరే షెల్‌లోకి మార్చాం. మాస్కు, గ్లవ్స్ లేకుండా ఈ పని చేయకూడదు, బూజు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత పీచు రాలని మెత్తటి గుడ్డ మధ్యలోంచి టేపును చేత్తో నెమ్మదిగా చుట్టుకుంటూ పోవాలి. గట్టిగా పట్టుకుంటే బురదతో పాటు బొమ్మ ఉన్న ఆక్సైడ్ పొర కూడా గుడ్డకే వస్తుంది. ఇంకో సంగతి: ఇట్లాంటి టేపు మొదటిసారి ఆడిందే చివరిసారి కావొచ్చు. కాబట్టి టెస్టింగ్ అనేది ఉండదు, మొదటి ప్లే నుంచే క్యాప్చర్, అంటే కంప్యూటర్లోకి దించే పని, నడుస్తూ ఉండాలి.

మామూలు డిజిటైజింగ్‌లో టైమ్ బేస్ కరెక్టర్ వాడతారు. ఊగే గీతల్ని అది నిలబెడుతుంది. డ్రాపౌట్ కాంపెన్సేటర్ ఇంకో అడుగు ముందుకెళ్ళి, చెరిగిన గీత స్థానంలో పక్క గీతను అతికిస్తుంది. పెళ్ళివాళ్ళకైతే కావాల్సింది అదే. మాకు ఆ చెరిగిన చోట్లే కావాలి. అందుకని కరెక్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి దించాం. టేపు రెండో ప్లేకు కూడా తట్టుకుంది, అది మా అదృష్టం.

సిగ్నల్ పోయిన చోట వీసీఆర్ తనంతట తాను నీలి తెర వేస్తుంది. అది చూసి కాసేపు ఆశపడ్డాను. డెరెక్ జార్మన్ 1993లో తీసిన 'బ్లూ' మొత్తం 79 నిమిషాలూ తెర మీద ఒకటే నీలం. ఎయిడ్స్ వల్ల చూపు పోతున్న ఆ మనిషి తన గొంతుతో, మిత్రుల గొంతులతో దాన్ని నడిపాడు. మా వీసీఆర్ ఉత్తినే ఇచ్చిన నీలాన్ని వాడుకుంటే తెలిసినవాళ్ళు నివాళి అనుకుంటారు, తెలియనివాళ్ళు కేబుల్ ఊడిందనుకుంటారు. రెండూ మాకొద్దు. మెనూలోకి పోయి దాన్ని ఆపేశాం.

అసలు విషయం ఇక్కడి నుంచి మొదలైంది. వీహెచ్‌ఎస్ టేపు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. బొమ్మ మధ్యలో ఏటవాలు గీతలుగా ఉంటుంది. ఒక అంచున శబ్దం, ఇంకో అంచున టేపు నడకను అదుపులో పెట్టే కంట్రోల్ ట్రాక్ ఉంటాయి. నీళ్ళు అంచుల్లోంచే లోపలికి పోతాయి. ఈ క్యాసెట్ అరలో నిలువుగా ఉంది, నీళ్ళు దాని సగం దాకానే ఎక్కాయి. అంటే రీలులో ప్రతి చుట్టుకూ కింది సగం మాత్రమే తడిసింది. ప్లే చేస్తే ఏమవుతుందంటే, మొదట్లో పది పన్నెండు సెకన్లకొకసారి బొమ్మ దొర్లి, శబ్దం మునిగి, మళ్ళీ తేలుతుంది. రీలు లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నది కాబట్టి ఆ వ్యవధి తగ్గుతూ పోతుంది. క్యాసెట్ చివరికొచ్చేసరికి నాలుగైదు సెకన్లకొకసారి మునక. సినిమాకు లయ నేను పెట్టలేదు, హంద్రీ పెట్టింది. మా 14 నిమిషాల ఎడిటింగ్‌లో కట్లు పడింది ఈ లెక్క ప్రకారమే. చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఊపిరి బరువెక్కుతున్నట్టు ఉందని చెప్పినవాళ్ళు ఉన్నారు.

మరకలకు ఇట్లా ఒక లెక్క ఉంది. లెక్కకు అందని మచ్చ ఒకటి దొరికింది. క్యాసెట్ మధ్యలో, ఒకే చోట, ముందూ వెనకా ఏమీ లేకుండా, బొమ్మ మీద అడ్డంగా దట్టమైన తెల్లని చారలు. ఇది నీళ్ళ పని కాదు. పాజ్ పని.

వీసీఆర్‌లో పాజ్ నొక్కితే టేపు ఆగుతుంది కానీ లోపలి డ్రమ్ము ఆగదు. మన దేశపు టీవీ పద్ధతి పాల్ (PAL)లో అది సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. దాని మీద టేపును చదివే హెడ్లు రెండు, అంటే సెకనుకు 50 సార్లు అదే చోట రాపిడి. ఐదు నిమిషాలు ఉంచితే పదిహేను వేల సార్లు. టేపు పాడవుతుందనే మెషీన్ కొన్ని నిమిషాలకు పాజ్ దానంతట అదే వదిలేస్తుంది. ఆ చారలు ఏర్పడాలంటే వదిలేసిన ప్రతిసారీ ఎవరో మళ్ళీ నొక్కి ఉండాలి.

"అన్నా, ఇక్కడ ఏముండె?" అని అడిగాను. వెంటనే చెప్పలేదు. పిల్లోణ్ణి పంపి టీ తెప్పించాడు.

"తలంబ్రాలు అయినాక. తలలో బియ్యం దులుపుకుంటా నా దిక్కు చూసినాడు. కెమెరా దిక్కు కాదు తమ్ముడూ, నా దిక్కు."

"ఎన్నిసార్లు చూసినావన్నా?"

"లెక్క యాడ పెట్టినా."

ఆ చూపు ఉన్న ఫ్రేములే టేపు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ అరిగిపోయాయి. కర్నూలు బురద కంటే అన్న వేలే దాన్ని ఎక్కువ చెరిపింది.

తాళి కట్టే వేళకు కెమెరా ఎక్కడుంది

పెళ్ళి వీడియోలో ఏ షాట్ పోయినా సర్దుకోవచ్చు గానీ తాళి షాట్ పోకూడదు. మేళం గట్టిగా మోగగానే కెమెరా పెళ్ళికొడుకు చేతుల మీదికి దిగి, మూడు ముళ్ళు పడేదాకా కదలకూడదు. ఈ రా క్యాసెట్‌లో గట్టిమేళం మోగింది, అక్షింతలు పడ్డాయి, కెమెరా మాత్రం ముఖం మీదే ఉండిపోయింది. ముళ్ళు ఫ్రేము బయట పడ్డాయి. పెళ్ళివాళ్ళు గొడవ చేసి డబ్బుల్లో కోత వేశారని చెప్పి అన్న నవ్వాడు. మిక్సింగ్‌లో ఆ చోట వెంకటేశ్వరస్వామి బొమ్మ వేసి, మీద పూలు కురిపించి కప్పేశారట.

ఈ సంగతి విన్నాకే సినిమా నాకు కనిపించింది. పదిమంది ముందు ఒక మగవాణ్ణి గంటల తరబడి, కళ్ళార్పకుండా చూసే హక్కు ఇంకో మగవాడికి మన ఊళ్ళల్లో ఎక్కడుంది? వీడియో అతనికి ఉంది. పైగా చూసినందుకు డబ్బులిస్తారు. ముఖం కెమెరా వెనక ఉంటుంది కాబట్టి ఆ ముఖంలో ఏముందో ఎవరికీ కనపడదు. ఆ కెమెరాల వ్యూఫైండర్ నలుపు తెలుపు. పెళ్ళిపందిట్లో ఎర్ర పట్టుచీరలు, పసుపు బట్టలు, కాగితాల తోరణాలు ఎన్ని ఉన్నా, ఆ రోజు అన్న కుడి కన్ను చూసింది అగ్గిపెట్టె అంత తెరలో ఒక బూడిదరంగు మనిషిని. రంగుల్లో ఆయన్ను చూసింది తర్వాత, టీవీలో, పాజ్ నొక్కి.

కాబట్టి మా సినిమా ప్రేమకథ కాదు, చూపు కథ. ప్రేమకథ అనాలంటే రెండోవైపు నుంచి కూడా తెలియాలి. కేసీ కాలువలో కలిసి ఈత కొట్టడం, వేసవిలో మిద్దె మీద పడుకోవడం గురించి అన్న చాలా చెప్పాడు. అవి ఆయన జ్ఞాపకాలు. అవతలి మనిషికి అవి ఏమిటో మాకు తెలియదు, ఊహించి తెర మీద పెట్టే అధికారం నాకు లేదు.

ముఖం లేకుండా తీయడం

పెళ్ళికొడుకును కలిసి అడుగుదామా అన్న ప్రశ్న ముందే వచ్చింది. "వానికి ఇప్పుడు మనవళ్ళు. పోయి ఏమని అడుగుతావు? అడిగితేనే సగం చెప్పినట్టు గదా" అన్నాడు అన్న. ఆయన మాటలో న్యాయం ఉంది. సమ్మతి పత్రం పట్టుకుని ఇంటికి పోవడమే ఒక మనిషిని బయటపెట్టడం అవుతుంది. "నాకేమన్నా అయితే పర్వాల్యా. వానికి ఏం కాగూడదు" అని తేల్చాడు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, లైంగికత కూడా ఆ గోప్యతలో భాగమని చెప్పింది. మన సినిమా ఎవరి గురించో వాళ్ళకే ఆ హక్కు ఉందనుకుంటాం. తెరమీద అనుకోకుండా ఉన్నవాడికీ ఉంది.

ముఖానికి బ్లర్ వేస్తే సరిపోతుందని కొందరన్నారు. బ్లర్ వేసిన పెళ్ళికొడుకు టీవీ వార్తల్లో దొంగలా ఉంటాడు. పైగా తెలిసినవాళ్ళు నడక చూసి, భుజం చూసి పట్టేస్తారు. అందుకని ఆయన ఉన్న ఫ్రేము ఒక్కటీ వాడకూడదని నియమం పెట్టుకున్నాం. పెళ్ళికూతురు విషయంలోనూ అదే నియమం. నిజానికి నాకు ఎక్కువ దిగులు ఆమె గురించే. అది ఆమె పెళ్ళి. ఆ క్యాసెట్‌లో ఆమె చాలాచోట్ల ఫ్రేములో సగమే పడింది, ఒక్కోచోట అసలు పడలేదు. ఆమె గాజుల చప్పుడు సౌండ్ ట్రాక్‌లో అద్భుతంగా ఉంది. వాడదామా వద్దా అని పెద్ద చర్చే జరిగింది. వాడలేదు. తన పెళ్ళి వీడియోలోనే పక్కకు జరిగిపోయిన మనిషిని మా సినిమాలో నేపథ్య సంగీతం చేయడం నాకు నచ్చలేదు.

ఇంకా ఏరాల్సినవి ఉన్నాయి. మంటపం వెనక తెర మీద థర్మాకోల్ అక్షరాలతో వధూవరుల పేర్లు. ఫ్రేము మూలలో కెమెరా ముద్రించిన తేదీ. బయట నిలిపిన జీపు నంబరు. అన్నిటికంటే మొండిది చదివింపులు: మైకులో ఎవరు ఎంత చదివించారో పేరుపేరునా పిలుస్తారు కదా, ఆ ముక్క మొత్తం ఊరి జనాభా లెక్క. శబ్దం వాడేటప్పుడు దీన్ని మర్చిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు.

ఇవన్నీ తీసేస్తే మిగిలింది చాలా కొద్ది. రికార్డింగ్ ఆపడం మర్చిపోయి కెమెరా కింద పెట్టినప్పుడు పడ్డ తివాచీ. అడ్డంగా కనిపించే మంటపం స్తంభం. లెన్సులోకి కొట్టిన హ్యాలోజన్ వెలుగు. జనరేటరు వైర్లు. పాజ్ చారల్లోంచి, బొమ్మ పూర్తిగా పోయిన కొన్ని గీతలు, తెర నిండేలా పెద్దవి చేసినవి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కుళ్ళిన పాత ఫిలింతోనే బిల్ మోరిసన్ 2002లో 'డికేసియా' తీశాక, పాడైపోవడంలోని అందం మీద సినిమావాళ్ళకు మోజు పెరిగింది. మా బురద మరకలు కూడా తెర మీద బాగుంటాయి, పొగలు పొగలుగా. కానీ ఆ బురదలో ఇళ్ళు పోయినవాళ్ళు మా సినిమా చూస్తారు. మరకను మరకగా, దాని వంతు వచ్చినప్పుడే చూపించాం. నెమ్మది చేయలేదు, సంగీతం వేయలేదు.

శరీరం కోసం అన్నను తీశాం. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి కల్యాణ మంటపం చవగ్గా దొరికింది. ఆయన పాత కెమెరా ఆన్ కాదు, అయినా భుజానికెత్తుకున్నాడు. ఆ పెళ్ళి మళ్ళీ తీయమన్నాం, ఖాళీ మంటపంలో. ఇంట్లో కూర్చుని అడిగినప్పుడు వరుస ఏదీ గుర్తులేదన్న మనిషి, భుజం మీద బరువు పడగానే నడవడం మొదలుపెట్టాడు. ఒకచోట వెనక్కి అడుగేసి, పక్కకు తప్పుకుని, "ఈడ లైట్ బాయ్ ఉంటాడు, తగులుతాది" అన్నాడు. తర్వాత టేపుతో పోల్చి చూస్తే, సరిగ్గా ఆ ఘట్టంలో కెమెరా వెనక్కి జరిగి, పక్కకు తప్పుకుంది. జ్ఞాపకం శరీరంలో ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. ఎక్కడుంటుందో చూడటానికి మాకు ఒక మోకాలు దొరికింది.

మేం తీసింది మెడ, భుజం, వ్యూఫైండర్ ఐకప్‌కు నొక్కుకున్న కన్ను, జూమ్ బటన్ మీద బొటనవేలు. శరీరం అని పేరు పెట్టుకున్నాక చర్మం కనపడొద్దా అని ఒక మిత్రుడు అన్నాడు. అన్న దాకా ఆ మాట పోయింది. "చొక్కా ఇడిస్తేనే ఒళ్ళా?" అన్నాడు. బటన్ మీద జూమ్ ఇన్ వైపున్న టి అక్షరం అరిగిపోయి ఉంది, రెండో వైపున్న డబ్ల్యూ చెక్కుచెదరలేదు. దీన్ని సాక్ష్యం అనను, పెళ్ళి వీడియోవాళ్ళందరూ జూమ్ పిచ్చోళ్ళే. షాట్ మాత్రం ఉంచాను. ఈ భాగమంతా నలుపు తెలుపులో, పాత టీవీ కొలతలో ఉంటుంది, వ్యూఫైండర్‌లో ఉన్నట్టే.

ఊపిరి

క్యామ్‌కార్డర్ మైకు తీసేవాడి నోటికి జానెడు దూరంలో ఉంటుంది. కాబట్టి రా క్యాసెట్ ఏదైనా సరే, సన్నాయి కింద, మంత్రాల కింద, తీసినవాడి ఊపిరి రికార్డయి ఉంటుంది. మిక్సింగ్‌లో సినిమా పాటలు వేశాక అది పోతుంది. అంటే ఇరవై ఏళ్ళ వయసు దాటిన కుర్రవాడి ఊపిరి, తను ప్రేమించినవాడి పెళ్ళిలో తీసుకున్నది, ఈ ఒక్క టేపు మీదే ఉంది. నాయిస్ రిడక్షన్ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది చప్పుడు అనుకుని మొట్టమొదట తీసేసింది ఆ ఊపిరినే. చివరకు సౌండ్ చేసినవాళ్ళు మేళం ఆగిన సందుల్లోంచి చేత్తో ఏరారు.

సినిమాలో ఎడమ స్పీకర్లో ఆ పాత ఊపిరి, కుడి స్పీకర్లో ఆషాఢంలో మంటపంలో రికార్డు చేసిన ఇప్పటి ఊపిరి. రెండో దాంట్లో కొంచెం పిల్లికూత ఉంది, అన్నకు ఆయాసం. శుభ్రం చేయలేదు.

పాజ్ రాపిడి బొమ్మనే తింటుంది, అంచున ఉన్న శబ్దాన్ని ముట్టదు. అందుకని చారలు పడ్డ చోట బొమ్మ పోయినా శబ్దం నిక్షేపంగా ఉంది. అక్కడ ఊపిరి వినపడదు. షాట్ కదలకుండా ఊపిరి బిగపట్టడం వీడియోవాళ్ళందరికీ అలవాటే. ఇంతకు మించి నేను చెప్పకూడదు.

చూసినవాళ్ళు

ఇద్దరు పాత వీడియోగ్రాఫర్లను అన్నే పిలిచి చూపించాడు. ఎవరి క్యాసెట్టో చెప్పలేదు. తివాచీ షాట్ రాగానే ఇద్దరూ పగలబడి నవ్వారు, అందరికీ జరిగిందే కదా. చారలు వచ్చేసరికి నవ్వు ఆగింది. పాజ్ చారలని వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పోయేటప్పుడు ఒకాయన, "మాకూ ఒక్కో క్యాసెట్ ఉంటాది లేప్పా" అన్నాడు. ఏ అర్థంలో అన్నాడో అన్న అడగలేదు, నేనూ అడగలేదు.

హైదరాబాదులో చిన్న గదిలో వేసినప్పుడు కుర్రవాళ్ళ నుంచి గట్టి విమర్శ వచ్చింది. ఒక ముద్దు లేదు, ఒక ముఖం లేదు, మళ్ళీ దాపరికమేనా అని. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు. మా క్యాసెట్ కాలంలోనే, 1996లో, బొంబాయిలో రియాద్ వాడియా 'బామ్‌గే' అనే 12 నిమిషాల సినిమాలో మగవాళ్ళ మధ్య కోరికను బాహాటంగా చూపించాడు. అంత ముందే అంత దూరం పోయాక, ఇప్పుడు ముఖాలు తీసేయడం వెనకడుగేనని వాళ్ళ వాదన. నా జవాబు ఇది: ముఖం చూపించే సినిమాలు ఇంకా చాలా రావాలి, చూపించడానికి ఒప్పుకున్నవాళ్ళతో రావాలి. అన్న ముఖం విషయంలో మాత్రం వాళ్ళు అన్నదాంట్లో నిజం ఉంది. ఆయన ఒప్పుకుని ఉంటే చూపించేవాణ్ణి. ఆయన మెడ దాకానే ఒప్పుకున్నాడు.

ఆన్‌లైన్‌లో పెట్టొద్దు, కర్నూలులో బహిరంగంగా వేయొద్దు అన్నవి ఆయన షరతులు. ఫెస్టివల్ ప్రదర్శనలకు సమాచార ప్రసార శాఖ నుంచి సెన్సార్ మినహాయింపు తీసుకునే పద్ధతి ఉంది, దాన్ని నిర్వాహకులే చూసుకుంటారు. మాకు అడ్డం అది కాదు. ఫెస్టివల్ వాళ్ళు ప్రచారానికి ఒక స్టిల్, డైరెక్టరు ఊరు పేరు అడుగుతారు. ఊరు పేరు, వీడియోగ్రాఫర్ అన్న మాట, వయసు, ఈ మూడూ పక్కపక్కన పడితే మనిషి దొరికిపోతాడు. కాబట్టి ప్రచార కాగితాల్లో వయసు ఉండదు, స్టిల్‌గా తివాచీ షాటే పంపుతాం. ఈ వ్యాసంలో ఎన్ని ఉండొచ్చో అన్నతో కూర్చుని ఒక్కో వాక్యం చూసుకున్నాకే ఇది బయటికి వచ్చింది.

అసలు క్యాసెట్ అన్నకు తిరిగిచ్చేశాం. డిజిటల్ కాపీ మొత్తం, ముఖాలతో సహా, పెన్‌డ్రైవ్‌లో ఇమ్మన్నాడు. ఇచ్చాను, అది ఆయన తీసిందే. నా దగ్గర సినిమాలో వాడిన ముక్కలు మాత్రమే రెండు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. పెళ్ళికొడుకు గానీ ఆయన భార్య గానీ ఎప్పుడైనా వద్దంటే, కారణం అడక్కుండా ప్రదర్శనలు ఆపాలని ఒప్పందంలో రాసుకున్నాం. అన్న కూడా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఆయన తర్వాత ఆ నిర్ణయం ఎవరు చేయాలన్నది ఇంకా తేలలేదు. అక్క కొడుకు పేరు ఒకసారి అన్నాడు, మళ్ళీ వద్దన్నాడు. అది తేలేదాకా కొత్త ఫెస్టివల్‌కు పంపడం ఆపేశాం.